మేనేజరు కోసం చెప్పని అబద్ధం

తొంభైల్లో మస్కట్‌లో నేనూ మావారూ ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లం. మా బ్రిటిష్ మేనేజరు ఎక్కువగా లండన్‌లోనే ఉంటూ, ఒమన్‌లో ఉంటున్నానని చెప్పి బ్రిటన్‌లో పన్ను ఎగ్గొట్టేవాడు. విచారణకు బ్రిటన్ పన్నుల అధికారి వస్తున్నాడని తెలిసి, టైపిస్టునైన నన్ను పిలిచాడు.

"నేను రోజూ ఆఫీసుకొస్తానని చెప్పు. లేదంటే నీదీ, మీ ఆయనదీ వీసా క్యాన్సిల్!"

అధికారి వచ్చి, మేనేజరు రోజూ ఆఫీసుకొస్తాడా అని మర్యాదగానే అడిగాడు. "ఇక్కడ మా చట్టం చెల్లదు. ఇష్టమైతేనే చెప్పండి."

అద్దాల తలుపు అవతల నుంచి మేనేజరు గుడ్లురిమాడు. భయంతో పాటు ఒళ్లు మండింది.

"ఆయన ఎప్పుడో గానీ రారండీ. లండన్‌లోనే ఉంటారు" అనేశాను.

ఆ సాయంత్రమే ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. మస్కట్‌లోనే దార్సైట్ పేటలో ఉన్న మా ఫ్లాట్‌లో సామాన్లు సర్దుతూ మావారు అరిచారు.

"నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదే?"

"వాడి దొంగతనంలో నన్నెందుకు కలుపుకోవాలి?" అని నేనూ అరిచాను.

మేనేజరుకు శిక్ష పడిందో లేదో తెలియదు. నా కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.