ఇంజను లోపల మిగిలిన పాత ఎరుపు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గుమ్మంలో ఉంటే బండ్ల రొదకు నా మాట వినబడదు. ఇది గొంతెత్తి చెప్పే సంగతి కూడా కాదు.

ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా యార్డు పక్కన ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందు సిమెంటు చేసిన కాస్త వాకిలి. మా మావయ్య రైల్వే వర్క్‌షాపులో మోటార్లకు తీగ చుట్టి చుట్టి రిటైరయ్యాడు. ఆయన కొడుక్కి, అంటే మా ఆయనకి, రైల్వేలో పని దొరకలేదు. ఊరి చివర ఒక బెంగాలీ ఆయన ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు పెడితే అందులో మిస్త్రీగా కుదిరాడు.

ఇంజను అడుగున నూనె నిలిచే పెద్ద పెట్టె పోత ఇనుముతో చేస్తారు. పోతపోసినప్పటి ఇసుక రేణువులు ఆ ఇనుములో ఎక్కడో ఒకచోట అంటుకుని ఉంటాయి. అవి నూనెలో కలవకుండా లోపలి గోడలకు ఎర్రటి వార్నిష్ పూస్తారు. ఏళ్ళ తరబడి నూనె మరిగాక అది పొక్కులు లేస్తుంది. అంతా గీకేసి మళ్ళీ పుయ్యాలి. ఎరుపు కదా అని ఏదో ఒక పెయింటు పూస్తే వేడి నూనెకు ఊడిపోతుంది. మోటారు తీగలకు పూసే వార్నిషే ఆగుతుందని మావయ్య నేర్పాడు. ఆ పని మా ఆయన చేసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరూ చేయలేదు.

మా పెద్దది పుట్టిన మరుసటేడు, మా ఆయన టీ గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోశాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కంటి డాక్టరు చూసి, లోపల నరం ఎండిపోతోంది, అద్దాలతో అయ్యేది కాదు అన్నాడు.

ఈ సంగతి షెడ్డులో తెలిస్తే పని పోతుంది. అందుకని మా ఆయన ఆ బెంగాలీ మాలిక్‌తో, ఇక్కడ చీకటి దాదా, మా వాకిట్లో ఎండ బాగా పడుతుంది, పెట్టెలు ఇంటికి పంపించు అన్నాడు. అవి రిక్షా వ్యాన్ మీద వచ్చేవి. పక్కల ఉన్న కిటికీల్లాంటి కంతల్లోంచి ఆయన చెయ్యి దూరేది కాదు, ఇదివరకు కంటితో చూస్తూ గరిటెతో గీకేవాడు. నాది మోచేతిదాకా పోయేది. అలా ఆయన కళ్ళ పని నా వేళ్ళు చేయడం మొదలుపెట్టాయి.

ముందు తారులా గడ్డకట్టిన మడ్డిని కొస వంచిన గరిటెతో తీసేదాన్ని. తరువాత కిరసనాయిలు, వైరు బ్రష్షు, ఆపైన మరిగే సోడా నీళ్ళు. పక్కింటి అక్క గోడ మీంచి చూసి వేళాకోళం చేసేది.

"ఒలే, ఇంట్లో గిన్నెలు సాలనేదేటి? ట్రాక్టరు గిన్నెలు కూడా తోముతన్నావు!"

"నీ గిన్నెలు కూడా పంపించక్కా, ఓ సేత్తో తోమిపడేస్తాను!"

కడిగి ఆరాక మావయ్య పెట్టిన పరీక్ష రెండు రకాలు. తెల్ల చీర ముక్కతో లోపలంతా తుడవాలి, ముక్క తెల్లగానే రావాలి. తరువాత గోడలంతా గోటితో గీసుకుంటూ పోవాలి. గోరు ఎక్కడా తట్టుకోకూడదు. పాత రంగు ఒక్క చోట మిగిలినా, కొత్త వార్నిష్ దాని అంచును లేపుతుంది.

రెండేళ్ళు అలా గడిచాయి. ఎవరికీ తెలియలేదు.

ఆ ఏడు వానలు ముందే కమ్ముకున్నాయి. పల్లె నుంచి ఒక ముసలి రైతు ఇంజను వచ్చింది. నాట్లకు దుక్కి దున్నాలి, తొందర అన్నాడు. వార్నిష్ ఆరడానికి రెండు రోజుల ఎండ కావాలి, ఆకాశం చూస్తే నల్లగా ఉంది. సోడాకు నా వేళ్ళు పగిలి నెత్తురు కారుతున్నాయి. గుడ్డ తెల్లగానే వచ్చింది. గోటితో గీస్తుంటే లోపలి గోడకున్న ఒక ఇనప బద్ద వెనకాల, తమలపాకంత మరక అంచున, గోరు తట్టుకుంది. పాత ఎరుపు. గట్టిగా, గాజులా నున్నగా ఉంది. గరిటె కొస అక్కడికి అందలేదు. ఇంత గట్టిగా ఉన్నది ఇంకేం ఊడుతుందిలే అనుకున్నాను.

"ఆ బద్దెనకాల అయిపోనాదా?" మా ఆయన అడిగాడు.

"అయిపోనాది బావా."

"గోరెట్టి సూసినావా?"

"సూసినాను."

ఆయన బ్రష్షు వార్నిష్‌లో ముంచి నా చేతికిచ్చాడు.

మూడు వారాలకు, మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకుని షెడ్డుకు వెళ్ళేసరికి ఆ ఇంజను విప్పి ఉంది. నడి పొలంలో పట్టేసిందట. బేరింగులు మాడిపోయాయి. ముసలాయన ఒక టైరు మీద కూర్చుని ఎవరినీ చూడటం లేదు. మాలిక్ నూనె జల్లెడ తెచ్చి మా ఆయన ముందు పెట్టాడు. దాని నిండా ఎర్రటి పెచ్చులు, నూనె పైకి పోయే దారే లేదు.

"కీ హొలో, ఏమైంది మిస్త్రీ? ఇదేమిటి?"

మా ఆయన ఒక పెచ్చు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపాడు. ఒక వైపు కొత్త పూత, వెనక పాత పూత. కళ్ళకు కనబడకపోయినా ఆయన వేళ్ళకు తెలిసిపోయింది. తల తిప్పి నా వైపు చూశాడు. నా వైపు అంటున్నాను గానీ, నాకు జానెడు పక్కన గోడను చూశాడు.

నేను నోరు తెరిచాను. ఆయన అంతకన్నా ముందే అన్నాడు.

"నాకు కనబడలేదు దాదా."

"కనబడకపోవడమేమిటి?"

"రెండేళ్ళయింది. సరిగ్గా కనబడదు."

మాలిక్ ఒక స్పానర్ ఎత్తి పట్టుకుని, ఇది ఎంత నెంబరు అని అడిగాడు. మా ఆయన తడిమి చెప్పడానికి చెయ్యి చాపాడు. మాలిక్ ఇవ్వలేదు. కాసేపు ఆ చెయ్యి అలాగే గాలిలో ఉంది. తరువాత మా ఆయన దాన్ని లుంగీకి తుడుచుకుని నాతో అన్నాడు.

"అన్నం ఎట్టీయే, సల్లారిపోతాది."

మాలిక్ చెడ్డవాడు కాదు. కళ్ళు లేనివాడి చేతికి ఇంజను ఎవరిస్తారు? మర్నాటి నుంచి మా వాకిట్లోకి వ్యాన్ రాలేదు. ముసలాయన ఆలస్యంగా ఎడ్లతో దున్నించుకున్నాడని విన్నాను, పంట సగమే వచ్చిందట. నేను ఒక బడిలో గదులు తుడిచే పనికి కుదిరాను. మా ఆయన అరుగు మీద కూర్చుని షంటింగు ఇంజన్ల చప్పుడు వినేవాడు. తప్పు నాదని ఆయన ఎవరితోనూ అనలేదు. నాతో కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఆరేడేళ్ళ తరువాత ఒక రోజు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఒక కాయ మీద గోరు ఆపి, హఠాత్తుగా అన్నాడు.

"అది నున్నగా ఉండుంటాది కదే."

ఏది అని నేను అడగలేదు.

"ఊఁ," అన్నాను.

"నేనయినా ఒగ్గీసుందును," అని మళ్ళీ కాయలు అందుకున్నాడు.

అది అబద్ధం. ఆయన వదిలేసేవాడు కాదు. నాకు తెలుసు.

ఇక లేవండి, పొద్దుపోయింది. మీ ఇంటిల్లిపాదికీ కళ్ళు చల్లగా ఉండాలి. ఒకరికి కనబడనిది ఇంకొకరు చూసిపెట్టాలి, చూసింది చూసినట్టు చెప్పుకునే ధైర్యం మీ గడపలో ఎప్పుడూ ఉండాలి.