కావాలని తప్పు చదివిన ఉత్తరం

మస్తాను చేత అతను కొనుక్కున్న ఎరువుల కంపెనీ షేర్లన్నీ అమ్మించింది నేనే. అబద్ధం చెప్పి అమ్మించాను. కంపెనీ నుంచి అతనికొచ్చిన ఇంగ్లీషు ఉత్తరాన్ని కావాలని తప్పుగా చదివి చెప్పాను.

తొమ్మిదేళ్ళయింది. మొన్నమొన్నటిదాకా ఈ బరువు ఎవరి ముందూ దించలేదు. నా భార్య పోయేముందు, మీ మనసులో ఏదో ఉంది చెప్పండి అని రెండుసార్లు అడిగింది. ఏమీ లేదన్నాను. ఆమెకు చెప్పనిది మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

“పొరపాటున చదివాను” అని మొదట రాశాను. కొట్టేశాను. ఆ మాటంటే నాకు ఒళ్ళుమంట. తెలిసి చేసిన ప్రతి పాడుపనికీ జనం పెట్టుకునే ముద్దుపేరు అది. నేను చేసింది పొరపాటు కాదు. ఆ ఉత్తరంలో నాకు అర్థం కాని మాట ఒక్కటి కూడా లేదు.

జగ్గయ్యపేటలో ఒక ఎరువుల షాపులో నలభై ఏళ్ళు గుమాస్తాగా చేశాను. బడి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లీషు నాకు ఎవరూ నేర్పలేదు. పురుగుమందు డబ్బాతో పాటు ఒక మడత కాగితం వస్తుంది చూడండి, అన్ని భాషల్లోనూ అదే సంగతి చీమల బారులా అచ్చేసి ఉంటుంది. ఆ కాగితంలో తెలుగు పక్కన ఇంగ్లీషు పెట్టుకుని, మాటకు మాట సరిచూసుకుంటూ నేర్చుకున్నాను. అక్కణ్ణుంచి ఇంగ్లీషు పేపరు, ఆ పేపర్లో అందరూ తిప్పేసే షేర్ల పేజీ. డిగ్రీలు చదివినవాళ్ళు కూడా బ్యాంకు నోటీసులు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. చదివించుకుని వెళ్ళి, ఐదో తరగతి వాడికి ఇంత ఎక్కడిదని వెనకాల నవ్వుకునేవాళ్ళు. నవ్వనివాడు మస్తాను ఒక్కడే. నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. నేను ఏ బళ్ళోనూ పాఠం చెప్పినవాణ్ణి కాదు. అయినా ఆ పిలుపు విన్నప్పుడల్లా నా వీపు కాస్త నిటారయ్యేది.

మస్తానుది చిల్లకల్లు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. సొంత మినీ లారీ మీద నందిగామ గోడౌన్ నుంచి మా షాపుకీ, చుట్టుపక్కల షాపులకీ ఎరువు బస్తాలు తోలేవాడు. తెలుగు శుభ్రంగా చదువుతాడు, రాస్తాడు. ఇంగ్లీషు రాదు.

ఒక ఏడు సరుకుకు కటకట వచ్చింది. రైతులు మా షాపు ముందు చెప్పులు వరసలో పెట్టి, నీడన కూర్చున్నారు. వాళ్ళడిగే కంపెనీ బస్తా మధ్యాహ్నానికే అయిపోయింది. పక్కన వేరే కంపెనీది ఉంది, అదే మందు, తీసుకోండి అన్నా వినలేదు. రేపు వస్తామని లేచి వెళ్ళిపోయారు. అందరం చూశాం. మస్తానూ చూశాడు. కానీ ఆ వారమే నందిగామ వెళ్ళి, షేర్ల ఆఫీసులో ఖాతా తెరిచి, ఆ బస్తా కంపెనీ షేర్లు కొన్నది అతనొక్కడే. కొన్నాక నాకు చెప్పాడు. కొరతలో కూడా వేరే బస్తా ముట్టుకోలేదంటే ఆ కంపెనీకి తిరుగులేదు, తనకు అంతకన్నా ఏమీ తెలియదన్నాడు. నాకు నవ్వొచ్చింది. షేర్లంటే అలా కొంటారా అని ముఖాన్నే అన్నాను.

నేనూ కొన్నాను లెండి. మూడు నెలలు పేపర్లు ముందేసుకుని, వేరే కంపెనీ. ఎందుకు కొన్నానో షాపుకొచ్చిన ప్రతివాడికీ వివరించి చెప్పాను కూడా. ఏడాది తిరక్కుండానే అది కుంగింది. ఇంకో ఏడాదికి పేపర్లో దాని పేరే కనపడలేదు. మస్తానుది మాత్రం పెరుగుతూనే ఉంది.

ఒకరోజు షాపు నిండా మనుషులుండగా మా యజమాని నవ్వుతూ అన్నాడు. “మా గుమాస్తా పేపరు చదువుతాడు, మస్తాను బస్తా చదువుతాడు.” అందరూ పకపకా నవ్వారు. మస్తాను నవ్వలేదు, తల దించుకుని బస్తా తాడు సర్దుకున్నాడు. నన్ను చూసి జాలిపడ్డాడు. యజమాని ఎగతాళిని మింగేశాను. ఆ జాలిని మింగలేకపోయాను.

కుళ్ళు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. పొద్దున్నే పేపరు రాగానే నా చూపుడువేలు నేరుగా అతని కంపెనీ వరస మీదికి వెళ్ళేది. రూపాయి తగ్గితే ఆ పూట టీ రుచిగా ఉండేది. రెండు పెరిగితే బస్తాలు దింపే కూలీల మీద కస్సుమనేవాణ్ణి. యజమాని తమ్ముడు ఏ షేరు కొనమంటావని మస్తాన్ని అడగడం నా చెవులతో విన్నాను. నన్ను దాటుకుని వెళ్ళి అడిగాడు. రాత్రింబవళ్ళు కూర్చుని చదువుకున్నవాణ్ణి నేను. కంటి చూపు అరగదీసుకున్నవాణ్ణి నేను. ఇంగ్లీషులో తన పేరు కూడా రాయలేనివాడికి ఆ మర్యాద ఏమిటి? న్యాయమేనా అది? అప్పుడు లోకాన్ని అడిగాను. అడగాల్సింది నన్ను నేను అని చాలా ఏళ్ళకు గాని తోచలేదు.

ఆ షేర్లతో మస్తాను ఏం చేయాలనుకున్నాడో నాకు తెలుసు. అతనికి నడుము అరిగింది. బండి మానేసి, చిల్లకల్లులో హైవే పక్కన సొంత ఎరువుల షాపు పెట్టాలనుకున్నాడు. వ్యవసాయం చదివినవాళ్ళకే లైసెన్సు అని అప్పుడే కొత్త రూలొచ్చింది. కూతురు షమీమ్ హాస్టల్లో ఉండి ఆ డిప్లొమా చదువుతోంది. లైసెన్సు ఆ పిల్ల పేరు మీద, బోర్డు మీద కూడా ఆ పిల్ల పేరే. ఇంకో రెండు మూడేళ్ళు షేర్లు కదపకుండా ఉంచితే చాలు అనేవాడు. నాతోనే అనేవాడు.

అలాంటప్పుడు ఆ ఉత్తరం వచ్చింది. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు. మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేరు. రెండుసార్లు చదివాను. పది రూపాయల ముఖ విలువ ఉన్న ఒక్కో షేరునీ రెండేసి రూపాయల షేర్లు ఐదుగా చేస్తారట. అంతే. వంద నోటు ఇచ్చి ఐదు ఇరవైలు తీసుకోవడం లాంటిది. ఎవరికీ ఏమీ పోదు. పైగా షేరు చవకగా కనపడితే చిన్నవాళ్ళు ఎగబడి కొంటారు, ఇంకా పెరుగుతుంది. ఇదంతా నాకు తెలుసు.

ఇంకొకటి కూడా తెలుసు. మస్తాను నాన్న, చిన్నాన్న కలిసి ఒక లారీ తిప్పేవాళ్ళు. తగువుపడి విడిపోయారు. ఒకరు టైర్లు ఊడదీసుకున్నారు, ఒకరు ఇంజను. మిగిలిన డొక్కు వాళ్ళ గుమ్మం ముందే తుప్పుపట్టింది. మస్తాను దాని పక్కనే పెరిగాడు. విడిపోవడం అన్న మాట వింటే అతని మొహంలో రంగు మారేది.

“ఏం రాశాడు మాస్టారూ?”

“కంపెనీ చీలుతోందట.”

“అంటే? అన్నదమ్ములు విడిపోయినట్టా?”

“అలాంటిదే.”

“మరి మనది ఎవరి వాటాలోకి పోద్ది?”

“అదే రాయలేదు. ఇలాంటప్పుడు ముందు ముంచేది చిన్నవాళ్ళనే.”

కాగితం తీసుకుని మళ్ళీ నాలుగు మడతలూ పెట్టాడు. “మీరైతే ఏం చేస్తారండి?”

“నేనైతే ఒక్కటి కూడా ఉంచుకోను.”

“సరే మాస్టారూ. మీరు చెప్పారంటే చాలు.”

ఉత్తరంలో ఉన్న స్ప్లిట్ అన్న ఇంగ్లీషు మాటకు తెలుగు చీలడమే కదా అని ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్నాను. షేరు చీలుతోంది అనాల్సిన చోట కంపెనీ చీలుతోంది అన్నాను. ఒక్క మాట. అబద్ధంలో కూడా ఎంత పొదుపరినో చూడండి.

మర్నాడు నన్నూ తోడు రమ్మన్నాడు. నందిగామ బస్సెక్కాం. చిల్లకల్లు దాటుతుంటే కిటికీలోంచి ఒక గది చూపించాడు, షట్టరుకు నీలం రంగు, అద్దెకు మాట్లాడి పెట్టుకున్నాడట. ఇక దాని మీద ఆశ వదులుకోవాలేమో అన్నాడు. నేను అటు చూడలేదు. షేర్ల ఆఫీసులో కూర్చున్న అమ్మాయి, ఇంత మంచి షేరు ఎందుకు అమ్ముతున్నారండీ అని అడిగింది. మా మాస్టారు చదివి చెప్పారని నా వైపు చూపించాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. ఒక్క క్షణం. నోరు తెరిస్తే ఆగిపోయేది. నేను గోడ మీద తిరుగుతున్న ఫ్యానును చూస్తూ కూర్చున్నాను.

దీనివల్ల నాకు పైసా లాభం లేదు. ఆ షేర్లు నేను కొనుక్కోలేదు. దొంగకైనా ఎత్తుకెళ్ళిన వస్తువు ఉంటుంది. నాకేముంది? అతనికి లేకుండా పోయిందన్న తృప్తి. అది కూడా ఎన్నాళ్ళుంది? షేరు పెరుగుతూ పోయింది. అతను అమ్మగా వచ్చిన డబ్బు షాపు పెట్టడానికి చాలలేదు. షమీమ్ డిప్లొమా పూర్తయింది. ఇవాళ్టికీ కంచికచర్లలో ఎవరిదో ఎరువుల షాపులో కౌంటరు దగ్గర నిలబడుతోంది. ఆ షాపు లైసెన్సుకు వాడుకున్న సర్టిఫికెట్టు ఆ పిల్లదే, బోర్డు మీద పేరు వాళ్ళది. మస్తాను అరవై దాటినా నడుముకు పట్టీ కట్టుకుని బండి తోలుతున్నాడు. నన్ను ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నిష్ఠూరమాడలేదు.

పోయిన చలికాలం నాకు కుడి కంట్లో శుక్లం తీశారు, నందిగామలో. ఎడమ కంటికి తర్వాత చేస్తామన్నారు. ఆస్పత్రికి తన బండిలోనే తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. పది రోజులు చదవకూడదన్నారు. రోజూ వచ్చి కంట్లో చుక్కలు వేసి, తెలుగు పేపరు చదివి వినిపించేవాడు. నాకు ఇష్టమని షేర్ల ధరలు కూడా చదివేవాడు. ఒకరోజు తన పాత కంపెనీ పేరు వచ్చింది. మిగతావి ఏ గొంతుతో చదివాడో అదీ అదే గొంతుతో చదివి, కింది వరసకు వెళ్ళిపోయాడు. నేను కళ్ళు మూసుకుని వింటున్నాను. నిజం చెప్పమంటారా? నాకు సిగ్గు కంటే ముందు కుళ్ళే పుట్టింది. ఇంత పోగొట్టుకున్నాక కూడా అంత నిమ్మళంగా ఎలా చదువుతున్నాడు వీడు? నేను చదవగలనా? అతని షేర్లు పోయినా, అతనిలో నాకు లేనిది ఇంకా ఏదో మిగిలే ఉంది. దాన్ని అమ్మించే ఉపాయం నా దగ్గర లేదు.

ఆ రోజు నిర్ణయించుకున్నాను. అయినా నోటితో చెప్పే ధైర్యం రాలేదు. కన్ను బాగయ్యాక తెలుగులో నాలుగు పేజీలు రాసి, పక్క ఊరికే అయినా పోస్టులో వేశాను. క్షమించమని అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. ఏం చేశానో, ఏ మాట మార్చానో, ఎందుకు మార్చానో రాశాను. ఓర్వలేక అని రాశాను. ఆ మాట నా చేతిరాతలో చూసుకోవడం అదే మొదలు. ఉత్తరం డబ్బాలో పడ్డాక ఇంటికొచ్చి, చాలా ఏళ్ళ తర్వాత, కడుపునిండా అన్నం తిన్నాను. అతని కడుపులో చిచ్చుపెట్టి నేను తిన్నానన్నమాట. అదీ నా తీరు. అయినా ఆ తేలిక నిజం. దాన్ని కాదనలేను.

పన్నెండో రోజున జవాబు వచ్చింది. ఒక్క కాగితం. ఉన్నదున్నట్టు దింపుతున్నాను.

“మాస్టారు గారికి, మస్తాను రాయునది. మీ ఉత్తరం అందింది. కంపెనీ కాగితం సంగతి నాకు ఆ ఏడాదే తెలుసండి. అమ్మాయి చదివి చెప్పింది. మీకు ఆ ఇంగ్లీషు అంతుపట్టలేదనుకున్నా. బయటికి తెలిస్తే పేటలో మీ దగ్గరికి కాగితం పట్టుకొచ్చేవాళ్ళు ఉండరు, మీరు తట్టుకోలేరని అమ్మాయి చేత ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నా. ఎవరడిగినా నా తొందరపాటుతో అమ్ముకున్నానని చెప్పా. ఇన్నేళ్ళూ మీకు ఆ ఇంగ్లీషు రాదనే అనుకున్నా. వచ్చునని ఇప్పుడు మీరే రాశారు. రాదనుకున్నన్నాళ్ళూ మీ ఇంటికి రాగలిగా. రెండో కంటికి వేరే బండి మాట్లాడుకోండి.”