పశువుల ఆసుపత్రి గోడ మీద మా గొర్రెలు

గుర్తు లేని గొర్రె దొంగ గొర్రె. మా ఇంట్లో నడక నేర్చిన పిల్లకైనా ఆ సంగతి తెలుసు. ఆత్మకూరు నుంచి మా ఇంటికి కోడలుగా వచ్చిన పిల్లకు మాత్రం తెలియదు. ఉదయగిరిలో పశువుల ఆసుపత్రి గోడ మీద ఆమె గొర్రెల బొమ్మలు వేస్తుంటే, వాటి నడుముల మీద మా ఇంటి ఎర్ర పట్టె వేయమని చెప్పింది నేనే. రభస అంతా ఆ పట్టె వల్లనే వచ్చింది. అయినా చెప్పడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను.

కోడలి నాయన ఆత్మకూరులో బోర్డులు రాసేవాడు. ఆయన చేతి కింద నేర్చుకుంది. పెళ్లయ్యాక దుత్తలూరు అంగన్‌వాడీ గోడలకు అక్షరాలు, జామపండ్లు, చిలకలు వేసింది. ఆ తర్వాత కొండాపురం వైపు బడుల గోడలు వేసింది. పని ఇచ్చేవాళ్లు ఆమెకు ఫోన్ చేయరు, నా కొడుక్కు చేస్తారు. కలుపుకు కూలీని అడిగినట్టు, మీ ఆడమనిషిని పంపుతారా అని అడుగుతారు. ఆమె నిచ్చెన ఎక్కితే ఎదుటి టీ కొట్లో గ్లాసులు పట్టుకుని నిలబడి, తాగడం అయిపోయినా పోకుండా పైకి చూస్తుంటారు. ఊళ్లో బోర్డులు రాసే మగవాళ్లు తమ గిరాకీ చెడగొట్టడానికి వచ్చిందని నా ఎదుటే అనేవాళ్లు. అందుకని నేను కూడా పోయి నిచ్చెన పట్టుకునేదాన్ని. నేను కింద నిలబడి చూస్తే సగం మంది తల దించుకునేవాళ్లు. మిగిలిన సగానికి నా నోరు చాలు.

ఆత్మకూరు బస్టాండు దగ్గర పెద్ద గోడ ఒకటి ఉంది. దాని మీద ఒక్క బొమ్మ వేస్తే చుట్టుపక్కల మండలాలన్నీ చూస్తాయని కోడలికి దాని మీదే కన్ను. అది ఎవరికివ్వాలో చూసే ఆఫీసరు, నువ్వు వేసినవన్నీ పండ్లూ అక్షరాలే కదా, సొంతంగా ఒక పెద్ద బొమ్మ పూర్తి చేసి ఫొటో తెచ్చి చూపించు అన్నాడట. ఆ పెద్ద బొమ్మ ఈ ఉదయగిరి గోడ. ఇది పూర్తయితేనే అది.

గోడకు పైభాగమంతా ఊరి మీది కొండ, కొండ మీద దుర్గం వేసింది. కోట గోడలు రాయి రాయిగా దించింది. దుర్గం కింద బీడు, బీడులో కర్ర పట్టుకున్న ఆడమనిషి, ఆమె చుట్టూ గొర్రెలు. మా దొడ్లో కూర్చుని చూసి చూసి వేసిన గొర్రెలు అవి. జోడిపి జాతి పొట్టేలు కళ్ల చుట్టూ ఉండే నల్ల మచ్చ కూడా వదల్లేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి గానీ, గుర్తు లేకపోతే చూసేవాడు ఏమనుకుంటాడు? పట్టె వేయమన్నాను. వేసింది.

మూడోనాటికి పక్క ఊరి గొర్రెలవాళ్లు గోడ ముందుకు వచ్చారు. వాళ్లూ మావాళ్లే, వరసకు బంధువులే. కానీ కొండ కింద బీడులో ముందు ఎవరి మంద దిగాలనే తగువు మా మామల కాలం నుంచి ఉంది. వాళ్ల గొర్రెలకు మెడ మీద పచ్చ చుక్క పెడతారు. వాళ్ల పెద్దాయన నాకు బావ వరస. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, గోడకేసి చాలాసేపు చూశాడు.

"ఏం వదినా, బీడు మీకు రాసిచ్చినారా గవర్నమెంటోళ్లు?"

"బొమ్మ బావా అది."

"బొమ్మే. గవర్నమెంటు గోడ మీద బొమ్మ. రేపు సర్వేయరు వచ్చి చూస్తే, కొండ కింద ఉండేది ఎర్ర పట్టె గొర్రెలే గదా అంటాడు."

ఆ మాట నాకు అంతకుముందే తోచింది. తోచి సంతోషపడ్డాను కూడా. పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

సగం గొర్రెలకు పచ్చ చుక్క పెట్టమన్నారు వాళ్లు. ఒక్కదానికి కూడా పెట్టేది లేదన్నాడు నా కొడుకు. అసలు గుర్తులే తీసేస్తే పోలా అన్నాడు టీ కొట్టతను. అప్పుడవి దొంగ గొర్రెలు అవుతాయని రెండు పక్షాలూ కలిసి అతన్ని తిట్టాయి. ఆ పూటకు మేమంతా ఒప్పుకున్న మాట అదొక్కటే. ఆ తర్వాత, ఏనాడో బావిలో పడి చచ్చిన గొర్రెపిల్ల, ఎవరో కొట్టి చంపిన కుక్క, అన్నీ బయటికి వచ్చాయి. వాళ్లలో ఒకడు ఆడది నిచ్చెన మీద, అత్త నిచ్చెన కింద, ఇంట్లో మగోడు ఎక్కడరా అని నవ్వాడు. నా కొడుకు వాడి చొక్కా పట్టుకున్నాడు.

ఇంతలో ఊరి పెద్దమనిషి కారు వచ్చి ఆగింది. మాట చెల్లే ఇల్లు వాళ్లది. ఆయన కారు దిగలేదు, అద్దం దించాడు. ఆ బీడు మీదీ కాదు వాళ్లదీ కాదు, మా తాతది అన్నాడు.

"దయ తలచి మేపుకోమంటే గోడెక్కినారే. సాయంత్రానికి ఆ బొమ్మ ఉండకూడదు. ఉంటే సున్నం కొట్టిస్తా."

మధ్యాహ్నానికి ఆయన మనిషి సున్నం బకెట్టు తెచ్చి గోడ వారగా పెట్టుకుని కూర్చున్నాడు. ఇంతసేపూ కోడలు నిచ్చెన మీదే ఉంది. ఆ బకెట్టు చూశాక కిందికి దిగి పచ్చ చుక్కవాళ్ల పెద్దాయన దగ్గరికి పోయింది.

"మామా, గొడవ గొర్రెల మీదనా, బీడు మీదనా?"

"బీడు మీదనే."

సరే అని, నిచ్చెన జరపమంది నన్ను. గొర్రెలు తీసేస్తుందనుకున్నాను. తన రంగు బకెట్లో నీలం కలిపి పైనుంచి మొదలుపెట్టింది. దుర్గం పోయింది. రాయి రాయిగా వేసిన కోట గోడలు పోయాయి. కొండ కింద బీడు కూడా గొర్రెల గిట్టల దాకా నీలమైపోయింది. చివరికి ఆ నీలంలో కర్ర పట్టుకున్న ఆడమనిషి, ఎర్ర పట్టె గొర్రెలు మాత్రం మిగిలాయి.

"ఇది ఏ ఊరు?" అన్నాడు పెద్దాయన.

"ఏ ఊరూ కాదు మామా. గొర్రెలు మాత్రం మా అత్తవి."

ఆయన తుండుగుడ్డ దులుపుకుని పోయాడు. సున్నం మనిషి పెద్దమనిషికి ఫోన్ చేసి, బీడు పోయిందని చెప్పి, బకెట్టు తీసుకుని లేచాడు. అందరూ పోయారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"వాళ్ల మాట నెగ్గించినావు గదే," అన్నాను.

"నేను వేసింది గోడ అత్తా, పట్టా కాదు. నాకు ఈ బొమ్మ నిలబడాల."

"మన కొండ నిలబడొద్దా?"

"కొండను నేను నిలబెట్టాల్నా?" అంది. అని బ్రష్షులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయింది.

ఫొటో ఆత్మకూరు పోయింది. వెనకాల అంతా ఖాళీగా వదలాలని ఎట్లా తోచిందమ్మా అని ఆ ఆఫీసరు మెచ్చుకున్నాడట. దుర్గం చెరిపిన సంగతి ఈమె బయటపెట్టలేదట. బస్టాండు గోడ ఈమెకే ఇచ్చారు. ఇప్పుడు ఇంకో ఇద్దరు ఆడపిల్లలను కలుపుకుని పనులు పట్టుకుంటోంది. ఫోన్లు నేరుగా ఆమెకే వస్తున్నాయి. బీడు దగ్గర మాత్రం ఏమీ మారలేదు. మొన్న కూడా కర్రలు లేచాయి.

ఉదయగిరిలో ఉండి దుర్గం లేని బొమ్మ ఏందని ఆసుపత్రికి మేకను తోలుకొచ్చిన ప్రతివాడూ అడుగుతాడు. నా కోడల్ని అడగమంటాను. ఆత్మకూరు గోడ చూద్దువు రమ్మని కోడలు రెండు మూడుసార్లు పిలిచింది. పనుండి ఆ ఊరు పోయినా, బస్టాండు రాకముందే దిగి నడుచుకుంటూ పోతాను. బాగానే వేసుంటుంది. చూస్తే బాగుందని నా నోటితో నేనే అనాలి. అనడానికి నాకింకా కోపం తగ్గలేదు.