మట్టి పిడికిలి

మా మామ గత నెల ఒక మంగళవారం పొద్దున కన్నుమూశాడు. ఇంట్లో ఏడుపులు మొదలై గంట కూడా కాలేదు, ఆయన ఫోను మోగింది. కోరుట్ల నుంచి ఎవరో రైతు. కొడవలి కావాలట, పిడి తిప్పితే అదే గొడ్డలి కూడా కావాలట. మామ లేడని చెప్పాను. మళ్లీ ఎప్పుడొస్తాడని అడిగాడు. ఏం చెప్పాలో తోచక, ముందు మట్టితో చేసుకుని రమ్మని చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత సిగ్గుపడ్డాను. కానీ మామ ఉన్నా అచ్చం ఆ మాటే అనేవాడు.

జగిత్యాల నుంచి కోరుట్ల పోయే రోడ్డు పక్కన మా కొలిమి. నేను ఆ ఇంటి కోడలిని. మా ఆయన సిరిసిల్లలో మరమగ్గాల రిపేరు పని చేస్తాడు, ఆదివారాలు వచ్చిపోతాడు. కాబట్టి పద్నాలుగేళ్లుగా కొలిమి దగ్గర ఉన్నది మామ, నేను. కమ్మరోళ్ల ఇళ్లలో ఆడవాళ్లు సమ్మెట ఎత్తడం వింతేమీ కాదు. ఎక్కడ కొట్టాలో ఆయన చిన్న సుత్తెతో తట్టి చూపితే, అక్కడ నేను సమ్మెటతో కొట్టేదాన్ని. దాగలి అనే ఇనుప దిమ్మె మీద సుత్తెతో రెండుసార్లు తట్టాడంటే ఆపమని. అన్నాల దగ్గర నేను మరీ ఎక్కువ మాట్లాడితే కంచం మీద కూడా అట్లాగే రెండుసార్లు తట్టేవాడు.

ఈ ఫోన్లు వచ్చాక మా గిరాకీ తీరే మారిపోయింది. వీడియోలో ఏదో చూసి, అట్లాంటిదే కావాలని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. గంభీరావుపేట నుంచి ఒకాయన మడత పెట్టే గడ్డపార కావాలని వచ్చాడు, బండి డిక్కీలో పట్టాలట. సిరిసిల్ల పిల్లలు నలుగురు ఊరేగింపులో ఒక్కడే ఎత్తి పట్టుకునేట్టు నిలువెత్తు ఖడ్గం అడిగారు. నేనైతే నవ్వి పంపించేసేదాన్ని. మామ నవ్వేవాడు కాదు, కాదనేవాడు కూడా కాదు. కొలిమి పక్కన ఒక బేసిన్లో చెరువు మట్టి మెత్తగా పిసికి, తడి గోనె సంచి కప్పి ఉంచేవాడు. అందులోంచి ముద్ద తీసి వచ్చినవాళ్ల చేతిలో పెట్టేవాడు. "గిది ఇనుమే అనుకో. చేసి నాకు సూపెట్టు. చేసినంక దానితోని పని సుత జెయ్యి" అనేవాడు.

గడ్డపార ఆయన మట్టితో కీలు చేశాడు, నేలకు పొడిచాడు, కీలు దగ్గర అది వంగి కూర్చుంది. తానే పకపకా నవ్వుకుని మామూలు గడ్డపార తీసుకుని పోయాడు. పిడి కొత్తగా పెట్టాల్సిన పనిముట్టయితే మామ మట్టి ముద్దను పిడికిట్లో గట్టిగా పిసకమనేవాడు. వేళ్ల గుర్తులు ఏ లోతున పడ్డాయో చూసి ఆ కొలతకు పిడి చెక్కేవాడు. పనిముట్టు ఇచ్చేదాకా ఆ ముద్దలన్నీ కిటికీ గట్టు మీద వరుసగా ఆరుతుండేవి. ఇదంతా నాకు దండగ అనిపించేది. టేపు పెట్టి కొలిస్తే అయిపోయే పనికి మట్టితో ఆటలేందని లోలోపల విసుక్కునేదాన్ని.

ఆ విసుగు ఒక మనిషి ప్రాణం మీదికి ఎట్లా తెచ్చిందో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మామ బతికుండగా ఆయన కూడా చెప్పలేదు.

నాలుగేళ్ల కిందటి మాట. ఆయాసం ఎక్కువై మామ రెండు రోజులు జగిత్యాల ఆస్పత్రిలో ఉన్నాడు. మా అత్త దగ్గరుంది, నేను ఇంటి దగ్గర. సారంగాపూర్ వైపు నుంచి ఒక గీత కార్మికుడు వచ్చాడు. బండి మీద నుంచి పడి ఆయన కుడిచేతి మూడు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. తాడి చెట్టు ఎక్కేటప్పుడు నడుముకు, చెట్టుకు కలిపి వేసుకునే మోకును ఎట్లాగో ఎగదోసుకుంటున్నాడు గానీ, పైన కత్తి నిలవడం లేదు.

"మోకు ఎత్తేసుడు అరచేతితోటి అయితది అక్కా. కత్తికే పిడికిలి గావాలె. కత్తిని చేతికే బిగించినవనుకో, ఇగ పట్టుకునే పనే లేదు" అన్నాడు. ఫోన్లో ఎవరో విదేశీయుడి బొమ్మ చూపించాడు. ముంజేతికి ఇనుప పట్టీ, దానికి కత్తి. మామ వచ్చేదాకా ఆగమన్నాను. "మీ మామైతే మట్టిల ఆడిపిస్తడు. చెట్లు ఎండిపోతున్నయి. నువ్వే చెయ్యి" అన్నాడు.

నువ్వే చెయ్యి అన్న మాటకు నేను పొంగిపోయాను. దాచుకోవడం ఎందుకు. అప్పటిదాకా మామ నాతో కొడవళ్లు చేయించాడు గానీ కత్తి పదును మాత్రం తానే పెట్టేవాడు. కాల్చిన ఇనుమును నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. అంతటితో వదిలేస్తే పెళుసుగా ఉంటుంది కాబట్టి మళ్లీ నిప్పుల మీద సన్నగా వేడిచేసి, రంగు తిరిగేదాకా కాచుకోవాలి. ఆ కాచుకోవడమే నాకు చేతకాదు. నాకు తొందరెక్కువని ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

గీత కార్మికుడి చెయ్యి టేపుతో కొలిచాను. లారీ కమాను ముక్క కాల్చి పలచటి కత్తిగా సాగదీశాను. నీళ్లలో ముంచాను. రెండోసారి వేడిచేయలేదు. అప్పటికే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండు బోల్టులతో ముంజేతి పట్టీకి బిగించి, లోపల తోలు వేసి చేతికి తొడిగితే మురిసిపోయాడు, నేనూ మురిసిపోయాను.

ఆ సాయంత్రమే మామ ఇంటికొచ్చాడు. కొలిమి వైపు చూశాడు. బేసిన్ మీది గోనె సంచి ఎండి ఉంది. ఎవరన్నా వచ్చారా అని అడిగాడు. నేను గొప్పగా చెప్పుకున్నాను. అంతా విని టీ గ్లాసు కింద పెట్టాడు.

"మట్టి పిసికిండా?"

"లేదు మామా, కొలతలు తీసుకున్న."

"చేతిలకెల్లి కత్తి జారితే కింద పడాలె బిడ్డా. జారకుంటే గది ఎటు వోతదో ఎర్కేనా నీకు?"

ఆయన అప్పుడే బయల్దేరబోయాడు. ఆయాసంతో ఎక్కడికి పోతావని నేనే ఆపాను. అది రెండో తప్పు. ఆ మనిషికి ఫోను చేస్తే మోగడం లేదు. మామ అన్నం ముట్టలేదు. తెల్లవారగానే పక్కింటి ఆటో కట్టించుకుని ఇద్దరం సారంగాపూర్ దారి పట్టాం. ఆటోలో ఆయన మాట్లాడింది రెండే రెండు ప్రశ్నలు. ఏ ఇనుము పెట్టావన్నాడు, చెప్పాను. నీళ్లలో ముంచాక మళ్లీ వేడిచేశావా అన్నాడు. చేశానన్నాను. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

ఊరి బయట తాడి చెట్ల దగ్గరికి పోయేసరికి ఆ మనిషి భార్య ఒక చెట్టు కింద నిలబడి పైకి చూస్తోంది. మమ్మల్ని చూసి మాట్లాడొద్దన్నట్టు చెయ్యి ఊపింది. చెట్టు మీద ఉన్న మనిషిని కింద నుంచి గట్టిగా పిలవరు. ఆమె చెవిలో చెప్పినట్టు చెప్పింది. కత్తికి గోనె గుడ్డ చుట్టుకుని పైకి పోయాడు. గీయడానికి గుడ్డ విప్పితే అది జారి కింద పడింది. తలకున్న తువ్వాల చుట్టుకోబోతే అదీ పడింది. దిగాలంటే అడుగడుగుకూ రెండు చేతులతో మోకు సడలించి కిందికి జరపాలి. కుడిచేతికి బిగించిన కత్తి అంచు మోకుకు బెత్తెడు దూరంలో ఉంటుంది. బోల్టులు బిగించిన పానా ఆమె దగ్గర ఉంది. ఇంకో గీత కార్మికుడికి ఫోను చేస్తే అర్ధగంట పడుతుందన్నాడట. పైన మాత్రం కాళ్లు వణకడం మొదలైంది. కింద నుంచే కనిపిస్తోంది.

ఆ కత్తి నేను చేసింది. అది తెగ్గోసేది మోకునైతే మనిషి బతకడు.

మామ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. నా దగ్గరికి వచ్చి, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"నిజం చెప్పు బిడ్డా. మల్ల ఎచ్చజేసినవా, లేదా? ఎచ్చజేస్తే అది ఒంగి మొఖం మీదికి ఎగురుతది. చెయ్యకుంటే ఇరుగుతది. నీ మాట మీదనే ఆయనకు చెప్త."

అంతకన్నా కష్టమైన మాట నేను జీవితంలో అనలేదు.

"చెయ్యలేదు మామా."

ఆయన నా మొఖం వైపు కూడా చూడలేదు. తల పైకెత్తి, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు నెమ్మదిగా మొదలుపెట్టాడు. "తమ్మీ, నేను కమ్మరోన్ని. తొందరేం లేదు. కత్తిని రెండు మట్టల సందుల దూర్చు. సగం దాక దూర్చు. మొఖం అటు తిప్పుకో. ఇగ చేతిని ఒక్క ఊపుల పక్కకు గుంజు."

మొదటిసారి లాగాడు, ఏమీ కాలేదు. నేను అన్న మాట నిజమేనా అని నాకే అనుమానం వచ్చింది. నీళ్లలో ముంచాక నిప్పుల పక్కన పెట్టానా, అట్లా ఏమైనా వేడెక్కిందా అని గింజుకున్నాను. మామ మళ్లీ అంతే నెమ్మదిగా, మోచేతిని మట్టకు ఆనించి గుంజమన్నాడు. రెండోసారి టప్పుమని చప్పుడైంది. ముక్క ఆకులకు తగులుతూ వచ్చి గడ్డిలో పడింది. చేతికి మిగిలింది వేళ్ల దాకా కూడా రాని మొండి. ఆయన మోకు పట్టుకుని, ఒక్కో అడుగూ ఆగి ఆగి దిగాడు. భూమి మీద కాలు పెట్టాక అక్కడే కూర్చున్నాడు. భార్య ఆయన వీపు మీద ఒక దెబ్బ వేసి ఏడ్చింది.

మామ పానాతో బోల్టులు విప్పాడు. గడ్డిలో పడ్డ ముక్క వెతికి తెచ్చి, విరిగిన చోటు నాకు చూపించాడు. చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. పెళుసు ఇనుము అట్లాగే ఉంటుంది.

"ఇయ్యాల నీ తప్పు అక్కరకచ్చింది. రేపు రాదు" అన్నాడు. నన్ను తిట్టింది అంతే. ఆటోలో చేశానని చెప్పిన అబద్ధం సంగతి ఆరోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

రెండు రోజులకు ఆ మనిషిని పిలిపించి చేతిలో మట్టి పెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు లోతుగా దిగాయి, మిగతా మూడూ పైపైన అంటుకున్నాయి. ఆ గుర్తులు చూసి, అరచేతి అడుగు ఆనేట్టు లావుపాటి పిడి చెక్కి, సైకిలు ట్యూబు చుట్టి, తేలికైన కత్తి వేశాడు. ఇసుక కుప్ప మీద నిలబెట్టి, తాను ఇక చాలు అనేదాకా ఆ కత్తిని మళ్లీ మళ్లీ వదిలేయించాడు. పట్టుకోవడం కాదు, వదలడం చూశాడు. తాడి చెట్లు వదిలిపెట్టి పొట్టి ఈత చెట్లు గీసుకొమ్మని ఆయనను ఒప్పించిందీ మామే. నిజానికి అది మాకు సంబంధం లేని విషయం. మామకు మాత్రం కత్తి కొలిమి దాటినంత మాత్రాన సంబంధం తెగేది కాదు.

ఆ తర్వాత ఏడాది పొడుగునా నన్ను నిప్పుల ముందు కూర్చోబెట్టి ఇనుము రంగు తిరగడం చూపించాడు. ఎండుగడ్డి రంగు వచ్చినప్పుడు ఒకసారి తట్టేవాడు, చాలన్నప్పుడు రెండుసార్లు. ఇప్పుడు నా కత్తులు విరగవు. ఈ ఊళ్లలో నా చేతి కత్తి అడిగి తీసుకునేవాళ్లు ఉన్నారు. అది ఆయన పెట్టిన భిక్ష. బతికుండగా ఆ మాట ఆయనతో అనలేకపోయాను. అని ఉంటే కంచం మీద రెండుసార్లు తట్టేవాడేమో.

ఆఖరి నెలల్లో మామ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు. చలి అనుకున్నాను. సుత్తె ముట్టుకోకుండా, చూస్తానులే నువ్వు కొట్టు అనేవాడు. పని నా చేతికి అప్పజెప్పుతున్నాడని మళ్లీ మురిసిపోయాను.

పదకొండో రోజు అయిపోయాక కొలిమి ఊడ్చుదామని పోయాను. సారంగాపూర్ ఆయన కూడా వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, లోపలికి రాకుండా, తన కత్తి పిడిని అరచేత్తో తుడుస్తూ ఉన్నాడు. బేసిన్ మీది గోనె సంచి పైన ఎండినా, అడుగున ఇంకా చెమ్మగానే ఉంది. ఎత్తి చూస్తే మట్టి పైన విడిగా ఒక ముద్ద. అంత పెద్ద అరచెయ్యి ఈ ఇంట్లో ఒక్కరిదే. అందరి చేతుల బలం చూసిన మనిషి, ఎవరికీ చెప్పకుండా, సుత్తెకు కొత్త పిడి కోసం తన చేతి బలం చూసుకున్నాడు.

నాలుగు వేళ్ల గుర్తులు ఉన్నాయి. ఒక్కదానికీ లోతు లేదు.

వాటి మీద నా వేళ్లు ఆనించాను, నొక్కలేదు. సంచి మళ్లీ కప్పి నీళ్లు చల్లాను. ఇప్పటికీ రోజూ పొద్దున కొలిమి రాజేయకముందే చల్లుతున్నాను.