సెర్బియా నటుడికి మా చిన్నాన్న ఇచ్చిన మాటలు

భాష రాకుండానే తెర మీది మనిషి మనసులో మాట చెప్పగలమా? ఈ ప్రశ్న ఏళ్లుగా నాతో ఉంది. బర్మాలో, యాంగోన్ సేక్కాన్ రేవు దగ్గరి ఇంట్లో మా చిన్నాన్న పోయారని పోయిన ఆదివారం కబురు వచ్చినప్పుడు, ఏడుపు కంటే ముందు అదే గుర్తొచ్చింది.

ఆయన రేవులో క్రేను నడిపేవారు. సెలవు దొరికితే వీధిలో పిల్లలందరినీ యాంగోన్ పాత సినిమా హాలుకి తీసుకెళ్లేవారు. అక్కడ యుగొస్లావియా వాళ్లు తీసిన యుద్ధ సినిమాలు ఆడేవి. వాటిలో ఒక సెర్బియా నటుడంటే ఆయనకు ప్రాణం. మాటలు వాళ్ల భాషలో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. చిన్నాన్నకు రెండూ రావు. అయినా మా వైపు వంగి, ఆ నటుడి మాటలన్నీ తెలుగులో చెప్పేవారు.

ఒక సినిమాలో చనిపోయిన ఆ నటుడు తర్వాతి సినిమాలో గుర్రం మీద వచ్చాడు.

"సచ్చిపోనాడు కదా సిన్నాన్నా?" అన్నాను.

"దేశానికి పని పడితే లెగిసి రాడేటి?" అన్నారు.

ఏళ్లు గడిచేకొద్దీ తెర మీద అతను తుపాకీ దించి జడ్జి అయ్యాడు, తాగుబోతు తండ్రి అయ్యాడు, చివరికి ముసలి రైల్వే గార్డు. పస తగ్గిందని ఎవరైనా అంటే చిన్నాన్న టీకొట్టులోనే తగువు పెట్టుకునేవారు. "కుర్రేసం ఎవుడైనా ఏస్తాడు. ముసిలేసం ఏసి మెప్పించినోడే యాక్టరు."

"ఆయన మీ చుట్టమా, ఊలే?" అని కొట్టు బర్మా ఆయన ఆటపట్టించేవాడు. ఊలే అంటే బాబాయి.

మా ఇంటి పిల్లల నోట బర్మీసే ఆడేది. నాకు తెలుగు మిగిలిందంటే ఆ హాలు వల్లనే. ఏ బాధకు ఏ మాటో అక్కడే నేర్చుకున్నాను.

పోయిన నెల, మంచం మీదున్న ఆయనకు ఫోన్లో పాత సినిమా ఒకటి పెట్టాను. అందులో ఆ నటుడే కొడుకు, స్టేషన్లో తల్లిని వదిలి యుద్ధానికి వెళ్తాడు. అక్కడ చిన్నాన్న ఎప్పుడూ చెప్పే మాట: "అమ్మా, తలుపు గడియెట్టకు, నానొచ్చేస్తాను."

"కింద ఏటి రాసుందే? సదువు," అన్నారు. నేను తటపటాయించాను.

"దాసకు. ఈదిలో పిల్లలందరికీ తప్పు సెప్పీనానేమో, తెలుసుకుని పోతాను."

చదివాను. "బండి ఆలస్యం. నువ్వు ఇంటికెళ్లు."

"మల్లీ ఎయ్యి," అన్నారు. కళ్లు చిట్లించి చూశారు.

"అదిగో! నోరు బండి గురించి అంతంది. మొకం నాను సెప్పిందే అంతంది. కాదేటి?"

"కావొచ్చు సిన్నాన్నా."

"కావొచ్చేటే? అంత సదువు సదివి!" అని దగ్గు వచ్చేదాకా నవ్వారు.

ఆయన మాటలు విని పెరగడం నా అదృష్టం. అందులో మాత్రం నాకు అనుమానం లేదు. ఈ వారమంతా ఆ దృశ్యాన్ని శబ్దం లేకుండా చూస్తున్నాను. ఒకరోజు అతని ముఖంలో బండి రాలేదన్న విసుగే కనిపిస్తుంది. మరోరోజు చిన్నాన్న చెప్పిందే కనిపిస్తుంది. ఆ మాట ఆ ముఖంలో ఉందో, ఆయన గొంతు విని పెరిగిన నా కళ్లలో ఉందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. బొమ్మ ఆపుతాను. ప్లాట్‌ఫాం నిండా పొగ, తల్లి శాలువా అంచు మీద నిలిచిన అతని చూపు, సగం తెరుచుకున్న పెదవులు.