ఇటలీ ఆటగాడికి దండ

ఖరగ్‌పూర్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు, అక్కడి ఝపటాపూర్ పేటలో ఒక టీ కొట్టులో దండ వేసిన ఫొటో ఒకటి చూశాను. తెల్లటి కుర్రాడు. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. యాభై దాటాక తెలుగు అక్షరాలు నేర్చినవాణ్ణి, ఇంగ్లీషు నాకెక్కడిది?

"పాపం, మీ అబ్బాయా? ఎలా పోయాడు?" అని తెలుగువాడైన కొట్టాయన్ని అడిగేశాను.

"రామ రామ! నా నలుపు సూసి కూడా అడిగినావేటి బావూ? ఈడు ఇటలీ ఫుట్‌బాల్ ఆటగాడు. సచ్చిపోనేదు. ఇరవయ్యేళ్ళు మైదానం మద్దెన ఆడి మొన్ననే రిటైరైనాడు. గోల్సు ముందున్నోళ్ళు కొట్టినారు, బంతి అందించింది ఈడే. మా రైల్వేలో రిటైరైనోడికి దండెయ్యరేటి?"

ఆయనా వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడట.

"మరి నీకు వేశారా?" అన్నాను.

గ్లాసు కడుగుతూ చెప్పాడు. "ఆ దినం మా ఆడది ఆస్పత్రిలో ఉంది. నాను ఎల్లనేదు. ముప్పయ్యేళ్ళు బండి సక్రాలు బిగించినాను. పోనీలే."

మర్నాడు పొద్దున్నే బంతిపూల దండ కొని, అడగకుండా ఆయన మెడలో వేశాను.

"ఇప్పుడేటి బావూ ఇది!" అని కసురుకున్నాడు.

సాయంత్రం అటుగా వస్తే, ఇంకా దండతోనే అందరికీ టీ పోస్తున్నాడు.