ఆకు లోపలి కాపురం

ఎనిమిదో తరగతి నన్ను రెండేళ్ళు భరించి, మూడో ఏడు చేతులెత్తేసింది. అలాంటి నేను బెంగళూరు పక్కన జిగణిలో మందులు వెతికే ల్యాబులో పనిచేస్తానంటే చుట్టాలు గౌరవంగా చూస్తారు. చదువుకున్నవాళ్ళు వాడేసిన గాజు పళ్ళేలు తోముతానని చెప్పి ఆ గౌరవం పాడుచేసుకోను.

మా ల్యాబులో ఆకుల లోపల బతికే బూజును పెంచుతారు. రొట్టె మీద పట్టే రకం కాదు. పచ్చటి ఆకులో, పైకి కనబడకుండా, చెట్టుకు హాని చేయకుండా కాపురముండే రకం. చెట్టు చేసే మందులాంటిదే ఒక్కోసారి ఆ బూజు కూడా చేస్తుందట. మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. నా భార్య జబ్బు పడ్డాక నవ్వలేదు.

ఆమెకు రక్తంలో క్యాన్సర్. పైకి ఆమె కూడా పచ్చగానే ఉండేది. తనకు ఎక్కిస్తున్న మందు బిళ్ళగన్నేరు నుంచి వస్తుందని డాక్టరు చెబితే, ఒక మొక్క తెచ్చి పెయింటు డబ్బాలో నాటింది. "నువ్వు నన్ను చూసుకోకున్నా ఇది చూసుకుంటాది" అంది.

ఆమె పోయాక ఇంట్లో నేనూ, వాళ్ళమ్మా మిగిలాం. ఒకరి ముందు ఒకరం ఆమె మాట ఎత్తేవాళ్ళం కాదు. మొక్క మాత్రం రోజూ పూసేది. పొద్దున తలుపు తీస్తే, ఎవరో అప్పుడే పక్కకు తప్పుకున్నట్టు పూలు కదిలేవి. గాలి అని సర్దిచెప్పుకునేవాణ్ణి. గాలి లేని రోజుల్లో ఏమీ చెప్పుకునేవాణ్ణి కాదు.

ఈ వానల్లో మొక్క మొదలు నల్లబడి మెత్తబడింది. ఒక్క కొమ్మ పచ్చగా మిగిలింది. దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని మా మేడమ్ దగ్గరికి పోయాను. గుంటూరు నుంచి వచ్చిన సైంటిస్టు ఆమె.

"మొక్క పోతా ఉండాది మేడమ్. లోపలుండేవాళ్ళనన్నా బయటికి తీస్తారా?"

ఆమె ఆకును స్పిరిట్‌లో, బ్లీచింగు నీళ్ళలో, చివరికి మంచినీళ్ళలో కడిగింది. ముక్కలు కోసి ఒక పళ్ళెంలో పెట్టింది. ఆఖరున కడిగిన నీటి చుక్కను ఇంకో పళ్ళెంలో పూసింది.

"ఈ నీళ్ళ ప్లేట్‌లో ఏమైనా పెరిగితే, మనకు వచ్చింది బయటి దుమ్మే అన్నా. ఇది క్లీన్‌గా ఉంటేనే, అది ఆకు లోపలిదని నమ్ముతాం."

పని వదిలేసి, ఆ పళ్ళేలు పెట్టిన బీరువా గాజు తలుపు ముందు నిలబడేవాణ్ణి. నీళ్ళ పళ్ళెం ఖాళీగానే ఉంది. ఒకరోజు ఆకు కోసిన అంచు నుంచి సన్నటి తెల్లటి పోగులు బయటికొచ్చాయి. మందు ఆపాక నా భార్య తల మీద మొలిచిన మొదటి వెంట్రుకలు అలాగే ఉండేవి. తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మందు చేస్తాదా మేడమ్?"

"టెస్ట్ చేయాలి. చేసినా, చెట్టు బయట ఉంచితే చాలా వరకు కొన్నాళ్ళకు మానేస్తాయి. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు."

"మా మగోళ్ళ రకమే. ఇల్లాలు పోతే ఒళ్ళొంగదు."

ఆమె నవ్వలేదు. "కొత్త మొక్కకు ఎక్కించి చూద్దాం. పట్టుకుంటుందో లేదో చెప్పలేను."

నర్సరీ నుంచి చిన్న బిళ్ళగన్నేరు తెచ్చాను. మేడమ్ ఆ బూజు కలిపిన నీళ్ళు దాని వేళ్ళకు పట్టించింది. ఇంటికి తెచ్చి గోడ పక్కన పెట్టాను.

మర్నాడు పొద్దున చెంబుతో వెళితే మట్టి అప్పటికే తడిగా ఉంది. మా అత్త దాని ముందు గొంతుక్కూర్చుని ఏదో గొణుగుతోంది. నన్ను చూసి ఆపేసింది. ఆమె చేతిలోనూ చెంబుంది.

"పాతదానికీ పోస్తాంటివా అత్తా?"

"దినామూ. నువ్వు పనికి పోయినాక. నువ్వు?"

"పనికి పోకముందు. దానికి రెండు మాటలు చెప్పుకుంటా పోస్తాంటి."

ఇద్దరం చెంబులు కింద పెట్టాం.

"అయితే మనమిద్దరమే కుళ్ళబెట్టినాం" అన్నాను, నవ్వించాలని.

"చెప్పుకోవాలంటే ఇంక నాకు చెప్పుకోప్పా" అంది అత్త. "నేనెంత తడిసినా కుళ్ళను."